23 ఏళ్ల నాన్న, 9 ఏళ్ల కొడుకు

తెలుగు లెక్కల పుస్తకంలో ఉండే నాన్నంతటి అమాయకుడు మరెక్కడా కనపడడు. వయసెంత బాబూ అంటే చెప్పలేడు. ఆధార్ కార్డు లేదు, పదో తరగతి సర్టిఫికెట్ లేదు, జాతకం కూడా లేదు. "మావాడి వయసును మూడుతో హెచ్చవేసి, అందులోంచి నాలుగు తీసేయండి" అంటాడు. పోనీ ఆ సుపుత్రుణ్ణే అడుగుదామంటే వాడు ఇంకా ఘనుడు. "ఇంకో ఐదేళ్లకు మా నాన్న వయసులో సగం ఉంటాను" అని చెప్పి ఆటకు పారిపోతాడు. ఇంటిల్లిపాదీ ఇలా పొడుపుకథల్లో మాట్లాడుకునే ఈ కుటుంబానికి రేషన్ కార్డు ఎవరిచ్చారో ఆ తహసీల్దారుకే తెలియాలి.

ఈ లెక్క ఏ పుస్తకంలోదీ కాదు, ఆ మూసలో నేనే పోశాను. చేసి చూడండి. కొడుకు వయసు ఎక్స్ అనుకుందాం. నాన్న వయసు 3ఎక్స్ − 4. ఐదేళ్ల తర్వాత నాన్నకు 3ఎక్స్ + 1, కొడుక్కి ఎక్స్ + 5. కొడుకు నాన్నలో సగం గనక 3ఎక్స్ + 1 = 2(ఎక్స్ + 5). పక్షాంతరం చేస్తే ఎక్స్ = 9. కొడుక్కి 9, నాన్నకు 23. పుస్తకం చెప్పినట్టే సరిచూసుకుందాం: ఐదేళ్లకు 14, 28. ఎడమ పక్షం కుడి పక్షానికి సమానం. మార్కులన్నీ మనవే.

ఇప్పుడు లెక్కను పక్కన పెట్టి మనుషుల్ని చూడండి. కొడుకు పుట్టేనాటికి నాన్నకు 14 ఏళ్లు! ఎనిమిదో తరగతి బెంచీ మీద కూర్చుని ఏక చరరాశిలో రేఖీయ సమీకరణాలు నేర్చుకోవాల్సిన పిల్లవాడు ఆస్పత్రి వరండాలో పచార్లు చేస్తున్నాడు. మన దేశంలో మగవాడి పెళ్లి వయసు 21 అని చట్టం ఉంది. అడిగినవాళ్లకు వయసు సూటిగా చెప్పకుండా మూడు రెట్లు, నాలుగు తక్కువ అని తిప్పి తిప్పి చెప్పడానికి అసలు కారణం ఇదే కాబోలు. లెక్క చేసిన పిల్లవాడు దీన్ని గమనించడు. దిద్దిన మాస్టారూ గమనించడు. సమీకరణం రాసినందుకు ఇన్ని, సాధించినందుకు ఇన్ని, జవాబు కింద గీత గీసినందుకు ఇన్ని అని మార్కులు పంచేసి ఆయన తర్వాతి పేపరు తీసుకుంటాడు. సరిచూడటం అనే ఆ చివరి మెట్టు మీద మనకు అపారమైన నమ్మకం. అది చూసేది కూడికలూ తీసివేతలే. నాన్నను చూడటం ఆ మెట్టు పని కాదు, సిలబస్‌లో ఏ మెట్టు పనీ కాదు.

ఇంకో లెక్క. నాన్నకు 50, కొడుక్కి 30. ఎన్నేళ్ల తర్వాత నాన్న వయసు కొడుకు వయసుకు రెట్టింపు అవుతుంది? 50 + ఎక్స్ = 2(30 + ఎక్స్). ఎక్స్ = −10. ఇక్కడ తరగతి రెండు ముక్కలవుతుంది. ఒక వర్గం "మైనస్ వచ్చిందంటే ఎక్కడో తప్పు చేశాం" అని పేజీ కొట్టేసి మళ్లీ మొదలుపెడుతుంది. రెండో వర్గం ఏ బెరుకూ లేకుండా "మైనస్ 10 సంవత్సరాల తర్వాత" అని రాసి చేతులు దులుపుకుంటుంది. ఆ రెట్టింపు ముచ్చట పదేళ్ల కిందటే తీరిపోయిందని, నాన్న 40లో కొడుకు 20లో ఉన్నప్పుడే ఆ రోజు వచ్చి వెళ్లిందని సమీకరణం నోరారా చెబుతోంది. వినేవాడు లేడు.

పూర్వం వినేవాళ్లు ఉండేవారు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు బీజగణితంలో కోతుల లెక్క ఒకటి ఇచ్చాడు. అది వర్గ సమీకరణం, మన రేఖీయ కుటుంబంలోది కాదు, అయినా చెప్పక తప్పదు. గుంపులో ఐదో వంతులోంచి మూడు తీసి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చవేస్తే ఎన్నో అన్ని కోతులు గుహలోకి పోయాయి, ఒకటి మాత్రం కొమ్మ మీద కనిపిస్తోంది. మొత్తం ఎన్ని? జవాబులు రెండు వస్తాయి, 50 అని, 5 అని. రెండూ సమీకరణంలో సరిగ్గా ఇముడుతాయి. కానీ 5 తీసుకుంటే ఐదో వంతు ఒక కోతి. ఒక కోతిలోంచి మూడు కోతుల్ని తీసేదెలా? లోకులు ఒప్పుకోరని చెప్పి ఆయన 5ను పక్కన పెట్టాడు. జవాబు వచ్చాక ఆగి, కోతులవైపు ఒకసారి చూశాడు. అంతే తేడా. ఇవాళ భాస్కరుడు వచ్చి మన ఎంట్రన్స్ రాస్తే ఆ చూసినంతసేపట్లో రెండు ప్రశ్నలు పోగొట్టుకుంటాడు. ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ప్రశ్నకు 67.5 సెకన్లు. అందులో కోతుల మంచిచెడ్డలు విచారించడం ఎవరి తరం? అందుకే కోచింగులో సమీకరణం సాధించడం కూడా మానేశారు. ఇచ్చిన నాలుగు ఆప్షన్లనూ వరసగా అందులో వేసి, ఏది ఇమిడితే దాన్ని క్లిక్ చేయడమే. ఇమిడితే చాలు, నాన్న 14 ఏళ్లకే తండ్రైనా, కోతులు సగానికి చీలినా మనకు అక్కర్లేదు.

ఈ జబ్బు మనది మాత్రమే అనుకుని తెలుగుజాతి సిగ్గుపడనక్కర్లేదు. 1980ల మొదట్లో అమెరికా జాతీయ విద్యా మదింపులో 13 ఏళ్ల పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. సైన్యం బస్సులో 36 మంది పడతారు, సైనికులు 1,128 మంది, ఎన్ని బస్సులు కావాలి? భాగిస్తే 31, శేషం 12. దాదాపు 70 శాతం మంది భాగహారం ఒప్పుగా చేశారు. కానీ 29 శాతం "31 బస్సులు, శేషం 12" అని రాశారు. ఇంకో 18 శాతం 31తో సరిపెట్టి 12 మంది సైనికుల్ని రోడ్డు మీద వదిలేశారు. 32 అన్నవాళ్లు 23 శాతమే. శేషం 12 అనే బస్సు ఏ డిపోలో దొరుకుతుందో వాళ్లను ఎవరూ అడగలేదు.

ఆ 31 అన్న పిల్లల తరఫున నాదొక వకాల్తా ఉంది. వాళ్లు మన ఆర్టీసీ బస్సును దృష్టిలో పెట్టుకుని ఉంటే జవాబు ముమ్మాటికీ ఒప్పు. 31 బస్సుల్లో 12 మందిని సర్దలేని కండక్టర్ తెలుగునాట ఇంకా పుట్టలేదు. "కొంచెం ముందుకు జరగండమ్మా" అని ఒక్క కేక వేస్తే 31 బస్సులేమిటి, ఒక్క బస్సే ఆ పన్నెండుగురినీ మింగేస్తుంది. 32 అన్నది సైన్యం జవాబు, 31 అన్నది సిటీ బస్సు జవాబు. భాగహారం రెండిటికీ ఒక్కటే. ఏ బస్సు అని అడగకుండా ఏ జవాబు ఒప్పో చెప్పలేం. ఇంత చిన్న సంగతి ఏ టీచర్ గైడులోనూ ఉండదు, ప్రతి కండక్టర్‌కూ తెలుసు.

ఫ్రాన్సులో గ్రెనోబుల్ గణిత బోధన పరిశోధకులు 1980 ప్రాంతంలో ఇంకో ఆకతాయి పని చేశారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత అని చిన్న తరగతుల పిల్లల్ని అడిగారు. 97 మందిలో 76 మంది అంకెల్ని కలిపో తీసో ఏదో ఒక వయసు చెప్పేశారు. మన దగ్గర ఇలా అడిగితే ఎవరూ జవాబు చెప్పరని నేను అనుకోను. 36 అని చెప్పడమే కాదు, "ఈ మోడల్ పోయినేడు కూడా వచ్చింది సార్" అని కూడా అంటారు.

సరే, పిల్లలు బడి దాటి బయటికొచ్చారు. వందకు వంద తెచ్చుకున్నవాడికి ఉద్యోగం వచ్చింది, పెళ్లి కుదిరింది, బంగారం కొట్టుకు వెళ్లాడు. అక్కడ గోడ మీద "తరుగు కేవలం 15 శాతం" అని రాసి ఉంది. ఆ కేవలాన్ని చూసి మురిసిపోయి 10 గ్రాముల గొలుసు తీసుకున్నాడు. గ్రాము ధర ఎంతైనా కానివ్వండి. తరుగుతో పదకొండున్నర గ్రాముల ధర, ఆపైన 3 శాతం జీఎస్టీ. 10 × 1.15 × 1.03 అంటే 11.845. మెడలో వేసుకున్నది 10 గ్రాములు, డబ్బు కట్టింది దాదాపు 11.85 గ్రాములకు. రేపు అవసరం పడి అమ్మితే తరుగు తిరిగి ఇచ్చే కొట్టు ఎక్కడా లేదు. అంటే బంగారం ధర 18.45 శాతం పెరిగితే తప్ప ఇతను మొదలుపెట్టిన చోటికి రాడు. ఈ లెక్కకు ఎనిమిదో తరగతి చాలు. మనవాడు ఇంజినీరు. వియ్యాలవారి ముందు ఫోన్‌లో కాల్క్యులేటర్ తెరవడం మర్యాద కాదని ఊరుకున్నాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో వడ్డీ లెక్కలు, బంగారం కలిపే లెక్కలు ప్రత్యేకంగా రాశాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన పనిగట్టుకుని తెలుగు చేశాడు. ఆ రోజుల్లో కూడా షరాబులు ఉండేవారు గనకే ఆ శ్రమ అని నా అనుమానం.

గొలుసుకు డబ్బు చాలక అప్పు తీసుకున్నాడనుకోండి. లక్ష రూపాయలు, నెలకు "ఒక్క రూపాయి వడ్డీ" మాత్రమే, ఏడాదిలో తీర్చాలి, ఈఎంఐ 9,333. వంద మీద నెలకు ఒక రూపాయి, పన్నెండు నెలలకు పన్నెండు శాతం, ధర్మ వడ్డీ అని సంతోషించాడు. లక్ష రూపాయలు అతని చేతిలో ఉన్నది మొదటి నెల ఒక్కటే. ప్రతి నెలా అసలు కొంత తిరిగి కట్టేస్తున్నాడు. ఆఖరి నెలకు చేతిలో మిగిలింది 8,333. ఏడాది మొత్తమ్మీద సగటున చేతిలో ఉన్నది 54 వేలు. దాని మీద 12 వేల వడ్డీ. అప్పుడు రేటు 22 శాతం దగ్గర తేలుతుంది. ఊళ్లో మీసాల సుబ్బయ్య లాంటివాడు రెండు రూపాయల వడ్డీ అంటే రక్తం తాగేవాడని తిట్టుకునే మనిషి, కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి ఒక్క రూపాయి అని తియ్యగా చెబితే దాదాపు అదే రేటుకు సంతకం పెట్టి థాంక్యూ చెప్పి వస్తాడు. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి అప్పులకు అసలు వార్షిక రేటు ఎంతో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన కూడా పెట్టింది. ఆ కాగితం ఇస్తారు. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో ఇంటూ గుర్తు కూడా వేసి ఇస్తారు. మన పట్టభద్రుడు జీవితమంతా ఆ ఇంటూ గుర్తునే వెతికాడు కదా, దొరగ్గానే సంతకం పెట్టేస్తాడు.

స్థలం అమ్మే పెద్దమనిషిది ఇంకో పద్ధతి. రెండేళ్ల కిందట గజం పదివేలు, ఇవాళ ఇరవై వేలు. కాబట్టి ఇంకో పదేళ్లకు డెబ్బై వేలు ఖాయమంటాడు. రెండు బిందువుల గుండా ఒకే సరళరేఖ పోతుందని మనం బడిలో నేర్చుకున్నాం. రెండు సేల్ డీడ్ల గుండా ఆ రేఖను ఎంత దూరమైనా లాక్కుపోవచ్చని ఆయన కనిపెట్టాడు. రేఖకు చివర ఉండదు, వెంచరుకు రోడ్డు ఉండదు.

అప్పులవాళ్లూ అమ్మకందార్లూ ఎంతైనా ప్రైవేటువాళ్లు. సమీకరణాలను అసలు కళగా సాధన చేసేది ప్రభుత్వాలు.

కేంద్రం కొత్త పద్ధతి ఆదాయపన్ను చూడండి. 2025–26 ఆర్థిక సంవత్సరం నుంచి పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షలు దాటకపోతే పన్ను సున్నా. శ్లాబుల ప్రకారం 12 లక్షలకు 60 వేలు పడాలి, దాన్ని రాయితీతో కొట్టేస్తారు. మరి ఒక్క రూపాయి ఎక్కువ వచ్చినవాడి గతి? రూపాయికి 60 వేల శిక్షా? అలా ఉండకూడదని ఒక వెసులుబాటు పెట్టారు. 12 లక్షల మీద ఎంత ఎక్కువ సంపాదిస్తే పన్ను అంతకు మించకూడదు. ఎంత దాకా? ఆ పైన వచ్చింది డి అనుకోండి. 60,000 + 0.15 డి = డి. డి = 70,588. పదో తరగతి పిల్లవాడు అర నిమిషంలో చేసే లెక్క. ఇక్కడ ఆగిపోతే వందకు వంద. ఆగకపోతే కనిపించేది ఇది: 12 లక్షల దగ్గరున్న ఉద్యోగికి యాజమాన్యం దయతలచి 50 వేలు ఇంక్రిమెంటు ఇస్తే ఆ 50 వేలూ పన్నుకే పోతాయి. దాని మీద 4 శాతం సెస్సు, ఇంకో 2 వేలు. 50 వేలు ఎక్కువ సంపాదించినందుకు ఇంటికి 2 వేలు తక్కువ వస్తాయి. సెస్సు కూడా కలిపి చూస్తే సుమారు 74 వేల పెంపు దాకా ఆ ఉద్యోగి ఒళ్లొంచి పనిచేసినదంతా ఖజానాకే. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు కలిపితే జీతం 12 లక్షల 75 వేల దగ్గరున్న ప్రతివాడి కథా ఇదే. వాళ్లలో చాలామంది ఇంటర్‌లో లెక్కల్లో డెబ్బై అయిదుకు డెబ్బై అయిదు తెచ్చుకున్నవాళ్లు. ప్రమోషన్ వచ్చిందని ఆఫీసులో స్వీట్లు కూడా పంచుతారు.

అయినా ఒప్పుకోవాలి, కేంద్రం ఆ ఉద్యోగి కోసం కనీసం ఒక సమీకరణం రాసింది. కొండ మీంచి తోసెయ్యకుండా వాలు కట్టి దింపింది. ఇప్పుడు తెలంగాణలో రెండు గదుల ఇంటికి రండి. 2024లో వచ్చిన గృహజ్యోతి పథకం కింద తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు సున్నా. మంచి పథకమే, పేదింట్లో లైటు వెలగడాన్ని ఎగతాళి చేసేంత కడుపునిండిన రచయితను కాను. 200 దాటితే మాత్రం మొత్తం బిల్లు కట్టాలి. పైగా 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే ఎక్కువ ధర. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. మీటరు 200 దగ్గరున్నప్పుడు ఇల్లాలు నెలాఖరున పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేసిన ఆ గంటకు ధర వెయ్యి రూపాయలు దాటుతుంది. లాండ్రీవాడు ఎంత దుర్మార్గుడైనా అంత అడగడు.

పన్నెండు లక్షల మనిషికి వాలు, తెల్ల కార్డు మనిషికి గోడ. 201వ యూనిట్‌కు 201వ యూనిట్ ధరే కట్టించుకునే సమీకరణం రాయడానికి కేంద్రానికి పట్టినంత సిరా కూడా అక్కర్లేదు. విద్యుత్ శాఖలో ఇంజినీర్లున్నారు, సచివాలయంలో ఐఏఎస్‌లున్నారు, అందరూ ర్యాంకులు కొట్టినవాళ్లే. వాళ్లు సమీకరణం సాధించలేక కాదు. సాధించాక జవాబు ఎవరింటికి బిల్లుగా వెళ్తుందో చూసే అలవాటు ఎవరూ నేర్పలేదు, అంతే. వాళ్లకు వచ్చిన ప్రశ్నలో నాన్న వయసు మాత్రమే అడిగారు, అమ్మ కరెంటు బిల్లు అడగలేదు.

ఎన్నికల ప్రణాళికల సంగతి ఒక ముక్కలో తేల్చేస్తాను. పన్నులు పెంచం, పథకాలు పెంచుతాం, అప్పులు తగ్గిస్తాం. పుస్తకంలో ఇలాంటి వాటిని అసంగత సమీకరణాలు అంటారు, గ్రాఫు గీస్తే రేఖలు సమాంతరంగా పోతాయి, ఎక్కడా కలవవు. ఏ పార్టీ ప్రణాళిక అని అడక్కండి. ఏ పార్టీది తీసుకుని గ్రాఫు గీసినా కాగితం అయిపోతుంది గానీ రేఖలు కలవవు. సాధన లేదని రాసిన పిల్లవాడికి మనం మార్కులేస్తాం, సాధన లేదని చెప్పిన అభ్యర్థికి డిపాజిట్ కూడా దక్కనివ్వం.

కాబట్టి ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు ఒక విన్నపం. నాన్నను వదిలేయండి. ఆయన వయసు మనకు దొరికింది, అది చాలినంత గొడవ తెచ్చింది. వచ్చే ఏడాది పదో తరగతి పేపర్లో ఈ ఒక్క ప్రశ్న పెట్టండి. ఒక ఇంట్లో నెల మొదటి 25 రోజుల్లో 170 యూనిట్లు కాలాయి, ఇదే జోరున పోతే 30 రోజులకు ఎన్ని అవుతాయి, 200 దాటకుండా ఉండాలంటే మిగిలిన ఐదు రోజుల్లో రోజుకు ఎన్ని యూనిట్లలో సర్దుకోవాలి, ఒక్క యూనిట్ దాటితే ఆ ఇంటికి ఏమవుతుంది? మొదటిదానికి జవాబు 204, రెండోదానికి 6. ఈ రెండింటికీ చెరొక మార్కు చాలు. మూడోదానికి నాలుగు మార్కులు ఇవ్వండి, దాన్ని మాటల్లో రాయమనండి. దిద్దే ముందు జవాబు పత్రాల నకళ్లు ఒక కట్ట విద్యుత్ శాఖకు పంపండి.